కుదురులేని పిల్లలు, కుదరని వాదము

పిల్లవాడు కుదురుగా కూర్చుండడు, కాబట్టి వానికి చదువు రాదు. ముందు వానిని కూర్చుండబెట్టవలెను, కూర్చుండుట అలవడినపిమ్మట చదువు దానంతట అదియే వచ్చును. అంతవరకు ఆటలు కట్టిపెట్టవలెను — ఈ మాట మన తెలుగునాట ఏ పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశము జరిగినను, ఏ యింటి వసారాలో నలుగురు కూడినను, ఎవరో యొకరు అనకమానరు. విన్నవారిలో తల యూపనివారు అరుదు. ఉపాధ్యాయుడు దీనిని అనుభవసారముగా చెప్పును. తాతగారు పెంపకపు కిటుకుగా చెప్పుదురు. ట్యూషను మాస్టారు తొలిదినముననే షరతుగా చెప్పును. ఇంతమంది ఏకకంఠముగా పలుకుచున్న మాటను కాదనుటకు కొంత తెగువ కావలెను. అయినను ఇది తప్పుమాట. ఎవరి మేలు కోరి చెప్పబడుచున్నదో ఆ పిల్లలకే తక్కిన పిల్లలకన్న మిక్కిలి కీడు చేయుచున్న మాట.

దీనిని ఖండింపబూనిన నేను ఒకప్పుడు దీనిని ఆచరించినవాడను. నేను ప్రాథమిక తరగతులకు పాఠములు చెప్పిన దినములలో రెండవ తరగతియందు ఒక బాలుడుండెడివాడు. ఏడేండ్లవాడు. కాపీ వ్రాయుమన్నచో మొదటి పంక్తి ముత్యములు కూర్చినట్లు వ్రాయును. రెండవ పంక్తి సగము వ్రాసి పెన్సిలు చెక్కుటకు లేచును. మూడవ పంక్తి వచ్చుసరికి ప్రక్కవాని రబ్బరు తీసికొని దానికి కన్నము పెట్టుచుండును. ప్రశ్న పూర్తిగా అడుగకమునుపే జవాబు చెప్పివేయును. ఆ జవాబు ఒక్కొక్కప్పుడు నేనడుగబోయిన ప్రశ్నకు గాక మరియొక ప్రశ్నకు సరిపోవునదై యుండును. వానికి నేను విధించిన శిక్ష యేమనగా, ఆటల పీరియడు గంట మ్రోగి తక్కినవారందరు మైదానమునకు పరుగెత్తినప్పుడు వాడొక్కడు లోపల కూర్చుండి విడిచిన పంక్తులు పూర్తిచేయవలెను. వాడు కిటికీ ప్రక్క బల్లమీద కూర్చుండెడివాడు. మోచేతులు రెండును పుస్తకముమీదనే యుండెడివి. మడమ మాత్రము బల్లకోటికి తగులుచు, టక్కు టక్కుమని, పీరియడు ముగియువరకు ఆగక కొట్టుచుండెడిది. ఆ చప్పుడునకు విసిగి నేను ‘కాలు ఆపు’ అనెడివాడను. వాడు కాలు ఆపెడివాడు; కాలు ఆగినతోడనే పెన్సిలు కూడ ఆగెడిది. ఈ రెండును ఒక్కమారే ఆగుచున్నవని నేను చూచుచుండియు చూడనైతిని. దాని యర్థము తెలియుటకు నాకు పెక్కేండ్లు పట్టినది.

వైద్యులు ఏడీహెచ్‌డీ యని వ్యవహరించు స్థితికి అవధానలోపము, అతిచాంచల్యము, ఆలోచింపకమునుపే చేయి వేయు తొందరపాటు అనునవి ముఖ్యలక్షణములు. ప్రపంచమున బాలలలో నూటికి సుమారు ఐదుగురికి ఇది కలదని అనేక దేశముల పరిశీలనలను కలిపి చూచినవారు తేల్చిరి. ఐతే నేనిక్కడ ప్రధానముగా తలపెట్టినది వ్యాధినిర్ణయము జరిగిన పిల్లలను గూర్చి కాదు. ఐదేండ్లకును ఎనిమిదేండ్లకును నడుమ నుండి, ఈ లక్షణములు ఇప్పుడిప్పుడే పొటమరించుచు, ఏ వైద్యుని యెదుటకును ఇంకను పోక, బడిలో అల్లరివాడనియు ఇంటిలో మొండిఘటమనియు పేరుపడి, ముందు ముందు ఆ స్థితికి లోనగు నవకాశము మెండుగా గల పిల్లలను గూర్చియే నా తపన. అమెరికా దేశపు జాతీయ మానసికారోగ్య సంస్థలో ఫిలిప్ షా ప్రభృతులు ఏండ్లతరబడి తీసిన మెదడు చిత్రములను పరిశీలించి 2007లో ఒక విషయమును ప్రకటించిరి. మెదడు పైపొరలో సగభాగము తన గరిష్ఠ స్థూలత్వమును అందుకొను మధ్యస్థ వయస్సు సామాన్య బాలలలో ఏడున్నర యేండ్లు కాగా, ఏడీహెచ్‌డీ గల బాలలలో పదిన్నర యేండ్లు. పెరుగుదల క్రమము ఇరువురియందును ఒక్కటే, కాలము వేరు. అందును మనస్సునకు కళ్లెము వేయు పూర్వభాగమున ఆలస్యము అధికము. అనగా మనము ఏడేండ్లవానినుండి బెత్తముతో రాబట్టజూచు నిగ్రహము, దానికి ఆధారమైన అవయవమునందే ఇంకను పిందెగా నున్నది. పిందెను కొట్టి పండించిన తోటమాలి ఎక్కడనైన గలడా?

ప్రచలితవాదమునకు పాతిన స్తంభము ఒక్కటే: శరీరము కదలినంతసేపు మనస్సు నిలువదు, శరీరమును నిలిపినచో మనస్సు నిలుచును. దీనికి తార్కాణముగా మనవారు అష్టావధానమును చూపుదురు. ఒక పండితమిత్రుడు నాతో వాదించుచు, ‘అవధాని గంటలకొలది ఆసనము కదలక కూర్చుండుట మీరు చూడలేదా? అవధానమనగా అదియే కదా!’ అనెను. ఆ యుపమానమును నేను సంతోషముతో స్వీకరించుచున్నాను. ఏలనగా ఈ విషయమును తెలుగువారికి తేటపరచుటకు అంతకన్న చక్కని సాధనము నాకు దొరకదు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు చేయునదేమి? అవధాని వేయబోవు నక్షరమును ఊహించి అది కూడదనును. అప్పుడు అవధాని నాలుకచివరకు వచ్చిన మాటను మ్రింగి, దారి మరల్చి, అర్థము చెడకుండ వేరొక మాట వేయవలెను. ధారణ యనగానేమి? విడివిడిగా చెప్పిన పాదములన్నిటిని మనస్సున నిలుపుకొని తుదకు వరుస తప్పక అప్పగించుట. ఇక సమస్యనుండి దత్తపదికి, దత్తపదినుండి వర్ణనకు, నడుమ గంటల లెక్కకు, అప్రస్తుతప్రసంగము చేయువాని ప్రశ్నకు క్షణక్షణము మరలి, మరలినచోటినుండి మొదటి చోటికి తిరిగి వచ్చుట మూడవ శక్తి. నేటి మనశ్శాస్త్రజ్ఞులు నిరోధము, కార్యస్మృతి, పరివర్తనసామర్థ్యము అని పేరుపెట్టి, మూడింటిని కలిపి కార్యనిర్వాహకశక్తులని పిలుచునవి ఇవియే. ఏడేండ్ల బాలుడు నల్లబల్ల చూచి ఒక్క పంక్తి వ్రాయుటకును చిన్నపాటిగా ఈ మూడే కావలెను: చూచిన మాటను పుస్తకమున వ్రాయువరకు మరువకుండవలెను, కిటికీబయట అరచిన కాకివైపు తిరుగబోవు తలను నిలుపవలెను, బల్లనుండి పుస్తకమునకును పుస్తకమునుండి బల్లకును దారి తప్పక మరలుచుండవలెను. ఈ జాబితాలో కూర్చుండుట యనునది ఎక్కడను లేదు. అవధాని నిశ్చలముగా కూర్చుండుట ఆ శక్తులు పండినపిమ్మట పైకి కనిపించు ఫలము. మన పాఠశాలలు దానిని విత్తనమని భ్రమించుచున్నవి.

మన భాషలో కుదురు అను మాటకు రెండర్థములు కలవు. మనస్సు నిలుకడ కుదురు. అడుగు గుండ్రముగానున్న కుండ దొర్లకుండ క్రింద నుంచు గడ్డిచుట్టయు కుదురే. కుండ దొర్లుచున్నదని ఏ యిల్లాలును దాని మూతిమీద చేయి మోపి పగలంతయు అదిమిపట్టి కూర్చుండదు. రెండు గుప్పిళ్ల గడ్డి మెలిపెట్టి చుట్ట చుట్టి అడుగున పెట్టును. పిల్లవాని విషయమున మాత్రము మనమందరము మూతిమీద చేయి మోపి కూర్చున్నాము.

ఇక ఆ మడమ సంగతి. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున డస్టిన్ సార్వర్, మార్క్ రాపోర్ట్ ప్రభృతులు ఎనిమిది మొదలు పండ్రెండేండ్ల వయస్సుగల బాలురకు కార్యస్మృతి పరీక్షలు పెట్టి, ఆ సమయమున వారి శరీరపు కదలికలను లెక్కకట్టి, 2015లో ఫలితములను ప్రకటించిరి. ఏడీహెచ్‌డీ గల బాలురు ఎక్కువగా కదలినకొలది స్మృతిపరీక్షలో మెరుగుగా నెగ్గిరి. ఆ లక్షణములు లేని బాలురయందు అట్టి సంబంధము కానరాలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణమున జూలీ ష్వైట్జర్ బృందము వేరొక విధమున పరీక్షించినది. పిల్లల చీలమండకు కదలికలను కొలుచు సాధనమును కట్టి, అవధానపరీక్షలో ఒక్కొక్క జవాబునకు ఎదురుగా ఆ క్షణపు కదలికను పోల్చి చూచినది. ఏడీహెచ్‌డీ గలవారు సరియైన జవాబు చెప్పిన క్షణములలో కదలిక తీవ్రత తప్పు చెప్పిన క్షణములకన్న అధికముగా నుండెను. కదలుటవలననే జవాబు వచ్చినదని ఈ పరిశీలనలు రుజువు చేయవు. ఆ మాట ఒప్పుకొనుట న్యాయము. కాని కదలికను ఆపినచో జవాబు వచ్చునను వాదమునకు వీనియెదుట నిలువ నీడ లేదు. మగతకు లోనగుచున్న తన మనస్సును ఆ బాలుడు మడమతో తట్టి లేపుకొనుచుండెననియు, నేను దానిని ఆపించి వానిని నిద్రపుచ్చుచుంటిననియు ఇప్పుడు నాకు తోచుచున్నది.

కదలికతో బాటు మనస్సు మెరుగుపడునా యని నేరుగా పరీక్షించినవారును కలరు. మాథ్యూ పాంటిఫెక్స్ ప్రభృతులు 2013లో ప్రకటించిన ప్రయోగము నాకు మిక్కిలి ముచ్చట గొలుపును. అది అంత నిరాడంబరమైనది. ఎనిమిది మొదలు పదేండ్ల వయస్సుగల పిల్లలు 40 మంది; అందులో 20 మందికి ఏడీహెచ్‌డీ కలదు, 20 మందికి లేదు. ఒకనాడు ప్రతి బిడ్డయు 20 నిమిషములు ట్రెడ్‌మిల్లుమీద చెమటపట్టునంత వడిగా నడచెను. మరియొకనాడు అదే బిడ్డ అంతే కాలము కూర్చుండి పుస్తకము చదివెను. రెండు దినములందును తరువాత ఒకే పరీక్ష: వరుసగా నున్న ఐదు గుర్తులలో నడిమి గుర్తు ఏ దిక్కునకు తిరిగియున్నదో చెప్పవలెను, ఇరుప్రక్కల గుర్తులు ఒక్కొక్కసారి వేరు దిక్కు చూపుచు కన్ను మరల్చుచుండును. నడచిన దినమున రెండు తెగల పిల్లలును జవాబులు మరింత నిర్దుష్టముగా చెప్పిరి. చదివినది గ్రహించుటలోను లెక్కలలోను మెరుగుగా నెగ్గిరి. ఇంకొక విశేషము కలదు. సామాన్యముగా మనము ఒక తప్పు చేసినప్పుడు తరువాతి యడుగు కొంచెము ఆగి వేయుదుము. ఏడీహెచ్‌డీ గల పిల్లలలో ఈ యాగుట తక్కువ, అందువలన తప్పుమీద తప్పు దొర్లుచు పోవును. 20 నిమిషముల నడక తరువాత ఆ పిల్లలు తప్పు చేసినచోట ఆగసాగిరి. ఉపదేశములతోను మొట్టికాయలతోను మనము నేర్పజూచి నేర్పలేకపోయిన గుణము ఇదియే కదా!

ఒక్కపూట ఫలము ఒక్కపూటనే యుండునని ఎవరైన అనవచ్చును. ఆ సందేహమునకు సమాధానము వెర్మాంట్ విశ్వవిద్యాలయపు బెట్సీ హోజా, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు అలన్ స్మిత్ మున్నగువారు 2015లో ప్రకటించిన ప్రయోగమున వెదుకవలెను. ఏలనగా వారు పరీక్షించినది సరిగా నేను చెప్పుచున్న పిల్లలనే. కిండర్‌గార్టెను మొదలు రెండవ తరగతి వరకు గల 202 మంది బాలలు. అందులో 94 మంది ఏడీహెచ్‌డీ వచ్చు నవకాశము గలవారు. బడి ప్రారంభమునకు ముందు ప్రతిదినము 31 నిమిషములు, 12 వారములపాటు, కొందరిచేత పరుగులు, గంతులు గల ఆటలాడించిరి. కొందరిని తరగతిగదిలో కూర్చుండబెట్టి బొమ్మలు, చేతిపనులు చేయించిరి. ఎవరు ఏ తెగలో చేరవలెనో చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించిరి. ఇంటియొద్ద తల్లిదండ్రులు గమనించినంతలో అవధానలోపమును చిరాకును తగ్గించుటయందు ఆటల తెగయే మేలుగా నుండెను. ఐతే పలు విషయములలో కూర్చున్న తెగ పిల్లలును బాగుపడిరి. మన ప్రతిపక్షులు దీనిని గట్టిగా పట్టుకొని, చూడుడు, కూర్చున్నవారును బాగుపడిరి కదా యందురు. నేను దీనిని దాచను. కాని ఆ పిల్లలు ఎట్లు కూర్చుండిరో అడుగుడు. చిన్న చిన్న గుంపులుగా, ఆదరముతో పలుకరించు పెద్దల నడుమ, చేతులనిండ రంగులతో, ఇష్టమైన పనిలో కూర్చుండిరి. మనము పెట్టు శిక్ష వంటి కూర్చుండుటకును దానికిని పోలిక యేమి? ఆ ప్రయోగమువలన కళలకు ఒక ప్రశంస లభించినది. ఆటలు మాన్పించి కాపీ వ్రాయించు పద్ధతికి ఒక్క వాక్యమైనను లభింపలేదు.

దీనికి కారణమేమని అడుగువారికి క్లుప్తముగా చెప్పెదను. మెదడు పూర్వభాగము సరిగా పనిచేయుటకు డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అను రసాయనములు తగుపాళ్లలో కావలెను. ఏడీహెచ్‌డీకి వైద్యులిచ్చు మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు పనిచేయునదియు వీనిమీదనే. గుండె వడిగా కొట్టుకొను వ్యాయామము ఈ రసాయనములనే కదలించును. మందు వంటి బలము వ్యాయామమునకు లేదు. కాని రెండును తట్టు తలుపు ఒక్కటే.

ఇచట నా పక్షమువారిని కూడ కొంచెము మందలింపవలసి యున్నది. వ్యాయామమే సర్వరోగనివారిణి యనియు, మైదానమున నాలుగు చుట్లు పరుగెత్తించినచో మందు మాన్పించవచ్చుననియు చెప్పువారు ఇటీవల బయలుదేరినారు. వారి మాట విని, వైద్యుడు ఆలోచించి మొదలుపెట్టిన మందును తల్లిదండ్రులు తమంత తాము ఆపివేసినచో ఆ బిడ్డకు జరుగు నష్టమునకు ఎవరు పూచీ? అమెరికా బాలవైద్యుల అకాడమీ ఆరేండ్ల లోపు పిల్లలకు మొదట మందు గాక తల్లిదండ్రులకు పెంపకపు శిక్షణనే విధించినది. ఆపై వయస్సువారికి మందును, ప్రవర్తనాచికిత్సను జోడించినది. ఆటకు గల చోటు వీని ప్రక్కన. వీనిని త్రోసివేసి కాదు. మరియొక హెచ్చరిక కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున బాలల కార్యనిర్వాహకశక్తులను గూర్చి చిరకాలము పరిశోధించిన ఏడెల్ డయమండ్ చేసినది: ఆలోచనతో పనిలేని యాంత్రిక వ్యాయామమువలన ఈ శక్తులకు కలుగు లాభము స్వల్పమని ఆమె వాదము. పాంటిఫెక్స్ ప్రయోగమున వట్టి నడకకే ఆ పూటకు ఫలము కనిపించినది గనుక ఆమె మాటను నేను పూర్తిగా అంగీకరింపజాలను. అయినను మనవంటివారికి ఆ మాట వరమువంటిది, ఏలనగా ఆలోచనయు పరుగును పెనవేసికొన్న ఆటలు మన వీధులలోనే పుట్టియున్నవి.

ఖోఖోను చూడుడు. ఎనిమిదిమంది వరుసగా, ఒకరు ఇటు ఒకరు అటు ముఖము పెట్టి గొంతుకూర్చుందురు, తొమ్మిదవవాడు తరుమును. తరుమువాడు ఒక దిక్కు పట్టినపిమ్మట చివరి స్తంభమును చేరువరకు వెనుదిరుగరాదు. కూర్చున్నవారి నడుమనుండి దూరి ఆవలికి పోరాదు. పారిపోవువాడు మాత్రము ఎటైనను తిరుగవచ్చును, నడుమ దూరిపోవచ్చును. అనగా తరుమువాడు తన కంటియెదుట, చేతికందునంత దూరమున, ప్రత్యర్థి ఆవలికి జారిపోవుచున్నను కాలిని ఆపుకొనవలెను. ఆపుకొని, అటు ముఖము పెట్టియున్న సరియైన చెలికానిని ఎంచుకొని, వెనుకనుండి తట్టి ఖో యనవలెను. కూర్చున్నవాని పని ఇంకను కష్టము. శరీరమంతయు సాగదీసిన వింటినారివలె సిద్ధముగా నుండవలెను గాని, వీపుమీద చేయి పడి ఖో వినబడువరకు లేవరాదు. ముందే లేచినచో తప్పు. నేను చెప్పిన బాలునివంటి ఒక బాలికను కొన్నేండ్ల పిదప ఈ వరుసలో కూర్చుండగా చూచితిని. మొదటివారమంతయు ఆమె ఖో అనకమునుపే లేచి, ప్రతిమారు జట్టుచేత తిట్లు తినెను. రెండవ వారమున ఒకనాడు ఆమె లేవబోయి, రెండు అరచేతులను నేలకు ఆనించి, తన్ను తానే నేలకు నొక్కిపట్టుకొని, పెదవులు బిగించి ఆగెను. ఖో పడగానే బాణమువలె పోయెను. నిరోధము అను శక్తిని అంత స్పష్టముగా, అరచేతులకు అంటిన మట్టితో సహా, నేను మరి యెక్కడను చూడలేదు. ఆ బాలిక చదువులో ఏకాఏకి మొదటికి వచ్చినదని చెప్పను, రాలేదు. ఒక్క బిడ్డ కథ ప్రమాణమనియు అనను. కాని తరగతిలో నేను ఏడాదిపాటు ‘ఆగు, ఆగు’ అని చెప్పి చెప్పి నేర్పలేనిదానిని ఆట పది దినములలో ఆమెచేత ఆమె కొరకే చేయించినది.

కబడ్డీలో కూత విడువక ఊపిరి బిగబట్టి ఎదుటిజట్టును కనిపెట్టుట, నేలా బండా ఆటలో పట్టువాడు కోరిన చోటునుబట్టి అప్పటికప్పుడు కాలు మార్చుకొనుట, తొక్కుడుబిళ్లలో గీత త్రొక్కకుండ ఒంటికాలిమీద లెక్క మరువక గెంతుట — ఒక్కొక్కటి ఒక్కొక్క విధమున ఆ మూడు శక్తులకును సాన పట్టునదియే.

ఆట యాడినచో చదువునకు సమయము చాలదను ఆక్షేపణను ఇప్పుడు విచారింతము. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున చార్లెస్ హిల్‌మన్ ప్రభృతులు ఏడు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలు 221 మందిని తీసికొని, కొందరిచేత తొమ్మిది నెలలపాటు, బడి విడిచినపిమ్మట ప్రతిదినము రెండుగంటల కార్యక్రమమున ఆటలాడించి, 2014లో ఫలితమును ప్రకటించిరి. ఆడినవారి నిరోధశక్తియు పరివర్తనశక్తియు, తమ వంతుకై వేచియున్నవారికన్న మెరుగుపడెను. హాజరు ఎక్కువగానున్నవారికి లాభమును ఎక్కువ. జార్జియా రాష్ట్రమున కేథరిన్ డేవిస్ 2011లో ప్రకటించిన ప్రయోగమున స్థూలకాయముగల 171 మంది పిల్లలు కొందరు దినమునకు 20 నిమిషములు, కొందరు 40 నిమిషములు, సుమారు మూడు నెలలపాటు ఆడిరి. ఆట పెరిగినకొలది పథకరచనాశక్తియు, లెక్కల మార్కులును పెరిగెను. అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రము 2010లో 50 పరిశోధనలను సమీక్షించి, అందలి 251 సంబంధములను లెక్కించి చూడగా, సగమునకు కొంచెము పైగా చదువునకు ఆట మేలు చేసినట్లును, 48 శాతము ఏ ప్రభావమును చూపనట్లును, కీడు చేసినట్లు చూపినవి ఒకటిన్నర శాతము మాత్రమే యనియు తేలినది. ఆటవలన చదువు చెడునను భయముమీద మన విద్యావిధానమంతయు కట్టబడియున్నదే, ఆ భయమునకు దొరకిన ఆధారము ఒకటిన్నర శాతము.

మన దేశపు చట్టము సంగతియు చూడవలెను. 2009నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలు ఒకటవ తరగతి మొదలు ఐదవ తరగతి వరకు ఏడాదికి కనీసము 200 పనిదినములు, 800 బోధనాగంటలు విధించినది. అనగా దినమునకు నాలుగు గంటలు. అదే షెడ్యూలు ప్రతి పాఠశాలకును ఆటస్థలమును, ఆటవస్తువులను విధించినది. నాలుగు గంటల బోధనకు ఎనిమిది గంటలు పిల్లలను బల్లలకు కట్టివేసి, సాయంకాలము స్టడీ అవరు పేర మరియొక గంట చేర్చి, టైమ్‌టేబులులో వారమునకు రెండుమారులు వ్రాసిన గేమ్స్ పీరియడును పరీక్షలు రాగానే లెక్కల మాస్టారికి అప్పగించు పాఠశాలలు, ఆటకు సమయము లేదని చెప్పుట ఏ గణితమునకు అందును? ఐదు మొదలు పదునేడేండ్ల వయస్సువారికి దినమునకు సగటున 60 నిమిషములు ఒళ్లు వంచు ఆట కావలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆ 60 నిమిషములును మన పట్టణపు పిల్లవానికి బడిలో లేవు, బడినుండి వచ్చినపిమ్మట చీకటి పడును గనుక ఇంటియొద్దను లేవు.

ఆడపిల్లలను గూర్చి వేరుగా ఒకమాట చెప్పక తప్పదు. ఈ స్థితి గల బాలికలలో పెక్కండ్రు అల్లరి చేయరు. కూర్చున్నచోటనే కూర్చుండి కిటికీబయటకు చూచుచుందురు. అందుచేత బుద్ధిమంతురాలు, కొంచెము మందమతి యని పేరుపడి, ఎవరి దృష్టికిని రాకుండ తరగతులు గడచిపోవుదురు. ప్రచలితవాదము కోరినట్లు ఈ బిడ్డలు చక్కగా కూర్చున్నారు. కూర్చున్నందున వీరికి అవధానము కలిగినదా? కుదురుగా కూర్చుండుటయే అవధానమునకు హేతువైనచో ఈ బాలికలు తరగతికి మొదటివారై యుండవలెను. వీరికి ఆటయు మగపిల్లలకన్న తక్కువయే. ఎనిమిదేండ్లు నిండగానే వీధిలో పరుగులేమిటని కసరువారు మన యిండ్లలో ఇంకను కలరు.

ఆటను శిక్షగా ఊడబెరుకు నాచారమును అమెరికా బాలవైద్యుల అకాడమీ 2013లోనే నిరసించినది: శిక్షించుటకు గాని, చదువు పూర్తిచేయించుటకు గాని పిల్లల విరామక్రీడను లాగుకొనరాదని దాని తీర్మానము. మన చట్టము కొట్టరాదన్నది, తిట్టరాదన్నది. ఆట మాన్పరాదని పేరుపెట్టి చెప్పలేదు. అందుచేత బెత్తము విడిచిన ఉపాధ్యాయుని చేతిలో మిగిలిన ఆయుధము ఇదియే యైనది, అదియు దెబ్బ కనిపించని యాయుధము. దీనికి గురియగువారెవరు? పని వేళకు పూర్తిచేసినవాడు ఎప్పుడును గురికాడు. పని పూర్తిచేయలేనివాడు, అనగా ఆ ఆట అందరికన్న ఎక్కువగా కావలసినవాడు, వారమునకు ఐదు దినములు గురియగును. కండ్లు సరిగా కనబడనివానిని, పాఠము చదువువరకు కండ్లజోడు ఈయనని కూర్చుండబెట్టు ఉపాధ్యాయుడు ఎవ్వడును లేడు.

స్థలము లేదను వాదము మిగిలినది. అద్దెకు తీసికొన్న అపార్టుమెంటు భవనములలో మూడేసి అంతస్తులు పాఠశాలలై, మైదానము కరపత్రముమీది బొమ్మలో మాత్రమే యున్నచోట్లను నేనెరుగుదును. అట్టి పాఠశాలకు గుర్తింపు నిచ్చినవారు చట్టమునకు జవాబు చెప్పుకొనవలెను. ఆ జవాబు వచ్చువరకు పిల్లల వయస్సు ఆగదు. పాంటిఫెక్స్ ప్రయోగమున పిల్లవాడు నడచినది ట్రెడ్‌మిల్లుమీద. ఆ యంత్రము ఆక్రమించునది ఒక నులకమంచము పట్టునంత చోటు. ఎంత యిరుకు బడికైనను వరండా యుండును, మెట్లుండును. మొదటి గంటకు ముందు 20 నిమిషములు పిల్లలను ఆ వరండాలో వడివడిగా నడిపించుటకు, అందును ఆ కిటికీ ప్రక్క బల్లమీది పిల్లవానిని అందరికన్న ముందు నిలిపి నడిపించుటకు, ప్రధానోపాధ్యాయుని సంతకము కూడ అక్కరలేదు.